నలభై నిమిషాల ఎడారి

ఎనిమిదిన్నరకి వస్తానన్నవాడు
ఎనిమిదింబావుకే వచ్చి హారన్ కొట్టాడు.
తెల్ల జీపు. ఒక తలుపు మాత్రం నీలం,
వేరే ఏ బండిదో.
పేరు ఒర్లందీనో అన్నాడు,
నోరు తిరక్కపోతే దీనో చాలని
మా బద్ధకాన్ని ముందే క్షమించేశాడు.

వెనక ఎదురెదురు బల్లల మీద ఐదుగురం.
లిస్బన్ ముసలి దంపతులు,
ముఖాన తెల్లటి క్రీము మెత్తుకున్న అక్కాచెల్లెళ్ళు,
నేను.
గుంట వచ్చినప్పుడల్లా
మోకాళ్ళకి మోకాళ్ళు పరిచయమయ్యాయి.
సీటు కింద ఏదో డబ్బా
అటూ ఇటూ దొర్లుతూనే ఉంది.

సాల్ రే దాటాక రాళ్ళు పరిచిన దారి,
ఆ తర్వాత ఒట్టి రాళ్ళు,
ఆ తర్వాత దారి మా డ్రైవరు మనసులో ఉంది.
చెట్లన్నీ ఒకే వైపు ఒరిగిపోయి
ఎవరో పిలిస్తే బయల్దేరినట్టున్నాయి.
"ఈశాన్యం గాలి," అన్నాడు దీనో.
"బోవా విస్తాలో దిక్సూచి అమ్ముడుపోదు."

మొదట ఓడ.
నడుం విరిగి అలల్లో కూలబడిన పాత ఇనుము.
ఫొటోలకి పది నిమిషాలు.
ముసలాయన తుప్పు పెచ్చు ఒకటి ఏరి
రుమాల్లో చుట్టుకున్నాడు.
భార్య చూసీ చూడనట్టు సముద్రం వైపు తిరిగింది.

తర్వాత ఎడారి.
టికెట్టు మీద అచ్చేసి ఉంది: నలభై నిమిషాలు.
దిబ్బ ఎక్కుతుంటే
ఒక అడుగు ముందుకి, అరడుగు వెనక్కి.
పైన నిలబడితే
చుట్టూ పాలమీగడ రంగు మడతలు,
మడతల అంచున పొగలా లేస్తున్న ఇసుక.
"ఇది మాది కాదు, సహారా నుంచి గాలి మోసుకొచ్చింది,
అని చెప్పమంటారు కంపెనీవాళ్ళు."

మీ భాషలో దీన్నేమంటారని అడిగాడు.
ఇసుక.
ఇస్సుకా, అన్నాడు, వత్తు ఒకటి బహుమతిగా చేర్చి.
ఊరుకోలేక చెప్పాను,
జనం కిక్కిరిస్తే మేం
ఇసుక వేస్తే రాలనంత మంది అంటామని.
"రాలకపోతే ఎక్కడ ఉంటుంది?"
తలల మీద.

దీనో నవ్వలేదు.
"అయితే అది మా అమ్మ," అన్నాడు.

ఇక్కడ కాదు, సాంతియాగోలో.
నడుం లోతు నీళ్ళలో నిలబడి
అలకీ అలకీ మధ్య పార దించేదట.
కారుతున్న బకెట్టు నెత్తిన పెట్టుకుని
ఒడ్డుకి, మళ్ళీ నీళ్ళలోకి, మళ్ళీ ఒడ్డుకి.
సాయంత్రానికి లారీవాడు వచ్చేవాడు.
అతను కట్టిందే లెక్క.
ప్రాయాలో ఎవరెవరి మేడల్లోనో ఉంది ఆ తీరం,
వాళ్ళ ఊళ్ళో నల్లరాళ్ళు మిగిలాయి.
ఉప్పునీళ్ళకి ఆమె కాలిగోళ్ళు
నాలుగు ఊడిపోయాయి,
ఏ నాలుగో కూడా చెప్పాడు.

"ఒక్కసారి తీసుకొచ్చాను ఇక్కడికి.
ఇదిగో, మీరున్న చోటే కూర్చుంది.
అందంగా ఉందా అమ్మా అన్నాను.
చాలాసేపు పెదవులు కదిపింది,
ప్రార్థన అనుకున్నాను.
లారీలు లెక్కపెడుతోంది."

అక్కాచెల్లెళ్ళు దిబ్బ మీంచి
కేకలేస్తూ కిందకి జారారు.
ముప్పై ఎనిమిదో నిమిషం.
దీనో చేతిగడియారం చూసుకుని
ఈల వేశాడు.

సాంతా మోనికా తీరం గురించి ఏం చెప్పను?
కనుచూపు మేర ఖాళీ.
రాత్రి తాబేలు పాకిన చార ఒకటి
నీళ్ళ దాకా వెళ్ళి ఆగింది.
అందరూ ఈదారు.
నేను మాత్రం ఒడ్డున కూర్చుని
పిడికిట్లోంచి ఇసుక వదులుతూ
బకెట్టుకి ఎన్ని పిడికిళ్ళో
చూద్దామనుకున్నాను.
నూటపాతిక దగ్గర తప్పిపోయాను.

పన్నెండున్నరకి హోటలు గేటు.
లోపలికి ఇసుక తేవద్దని బోర్డు.
చెప్పులు దులిపి, జేబులు తిరగేసి
ఒక్కొక్కరే దిగిపోయారు.
దీనో చిన్న చీపురు తీసి
బల్లలూ మూలలూ ఊడ్చి
ఆ గుప్పెడు ఇసుక రోడ్డు మీద పారబోయకుండా
సీటు కింద డబ్బా లాగి అందులో పోశాడు.
ముప్పావు నిండి ఉంది.

ఎందుకని అడగబోయాను.
అప్పటికే మధ్యాహ్నం జట్టు
గొడుగులతో, నీళ్ళ సీసాలతో జీపెక్కుతోంది.
"ఒర్లందీనో," అంటున్నాడు వాళ్ళతో,
"నోరు తిరక్కపోతే..."